వ్యాన్ ట్యాంకులో మంచినీళ్లు పాడవకుండా ఉంచడం: ప్రాజెక్టు డైరీ

పాత ఫోర్స్ ట్రావెలర్‌ను ఇంటిల్లిపాదీ తిరిగే క్యారవాన్‌గా మార్చుకున్నాం. మంచాలు, సోలార్, పొయ్యి గురించి ఇక్కడ రాయడం లేదు. ఈ డైరీ అంతా తాగే నీళ్ల ట్యాంకు గురించే. స్నానానికీ గిన్నెలకూ వేరే ట్యాంకు ఉంది, దాని సంగతి ఇందులో రాదు.

లెక్క ఇది: నలుగురం, మూడు రోజులు, తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు 7 లీటర్లు. అంటే 84 లీటర్లు. కొన్నది 90 లీటర్ల ట్యాంకు. ఎవరైనా ఇలాంటిది కట్టుకోబోతుంటే అన్నిటికంటే ముందు రెండో దశ చదవండి. అసలు విషయం అక్కడే ఉంది.

దశ 1: ట్యాంకు, దాని చోటు

ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్, తెల్లది, కొద్దిగా వెలుతురు దాటేది. లోపల నీళ్లెంతున్నాయో బయటి నుంచే కనపడుతుందని ఆ రకం ఎంచుకున్నాం. వెనక సీటు కింద, కిటికీ పక్కన బిగించాం. కొన్ని వారాలకే కిటికీ వైపు గోడ మీద లేత ఆకుపచ్చ పాకుడు పట్టింది. రెండో వైపు గోడ మాత్రం శుభ్రంగా ఉంది. వెలుతురు తగిలితే నాచు పెరుగుతుంది, తగలకపోతే పెరగదు. ఒకే ట్యాంకులో రెండూ పక్కపక్కనే కనిపించాయి.

ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ షీటు తెచ్చి ట్యాంకు చుట్టూ అతికించాం. నీటి మట్టం చూడడానికి వేలెడు వెడల్పు సందు ఉంచి, దాని మీద తెరిచి మూసే ఫోమ్ ముక్క పెట్టాం. ఫోమ్ వల్ల ఇంకో లాభం కూడా వచ్చింది. ఏప్రిల్ ఎండలో నిలబెట్టిన వ్యాన్‌లో మధ్యాహ్నం మూడింటికి ట్యాంకు నీళ్లు 38 డిగ్రీలు ఉండేవి. ఫోమ్ చుట్టాక అదే వేళకు 33. ఈ ఐదు డిగ్రీల తేడా ఎందుకు ముఖ్యమో ఐదో దశలో వస్తుంది.

ఇంకో లోపం కొలిస్తేగానీ తెలియలేదు. నీళ్లు బయటికి వెళ్లే రంధ్రం అడుగు నుంచి 3 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ట్యాంకు అడుగు సుమారు 90 × 40 సెంటీమీటర్లు. అంటే పంపు గాలి పీల్చడం మొదలుపెట్టాక కూడా లోపల పది లీటర్ల పైచిలుకు నీళ్లు మిగిలిపోతాయి. ప్రతిసారీ కొత్త నీళ్లు ఆ పాత నీళ్ల మీదే పడుతున్నాయన్నమాట. మడ్డి కూడా అక్కడే పేరుకుంటుంది.

మార్చినవి:
1. అడుగున, ఒక మూలకు, డ్రెయిన్ వాల్వు. ట్యాంకును ఆ మూల వైపు కొద్దిగా వాలుగా కూర్చోబెట్టాం.
2. పైన ఆరంగుళాల మూత. కంపెనీ ఇచ్చిన రెండంగుళాల మూతిలో చెయ్యి పట్టదు. చెయ్యీ బ్రష్షూ పట్టని ట్యాంకును కడగడం కుదరదు.
3. నిండితే 90 కిలోలు కాబట్టి నేలకు స్టీలు పట్టీలతో బిగింపు. శ్రీశైలం ఘాట్ మలుపుల్లో ఇది ఎంత అవసరమో తెలిసింది.

ఖర్చు: ట్యాంకు 4,800, మూత, వాల్వు, ఫిట్టింగులు 1,900, ఫోమ్, పట్టీలు 1,500.
ఇప్పటి దాకా: 8,200 రూపాయలు

దశ 2: ఆర్ఓ నీళ్లు ఎందుకు పాడయ్యాయి

మన ఊళ్లలో మినరల్ వాటర్ ప్లాంటు లేని వీధి అరుదు. ట్యాంకు నిండా ఆర్ఓ నీళ్లే పోస్తే ఇంక దిగులేముందని ఎవరైనా అనుకుంటారు. మేమూ ఆ లెక్కతోనే నింపాం. టీడీఎస్ మీటరు 60 చూపించింది. మూడో రోజు పొద్దున గ్లాసులో పడితే తడి గోనెసంచి వాసన. మీటరు మాత్రం అప్పుడూ 60 దగ్గరే ఉంది.

టీడీఎస్ మీటరు చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల సంగతి ఒక్కటే. బాక్టీరియా లక్షల్లో ఉన్నా ఆ అంకె కదలదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే టీడీఎస్ తక్కువ ఉంటే మంచినీళ్లు అనే నమ్మకం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది.

అందుకని రెండు పరీక్షలు తెచ్చుకున్నాం.

మొదటిది హెచ్2ఎస్ సీసా. 1982లో మన దేశానికి చెందిన మంజా, మౌర్య, రావు అనే శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతి. సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. గుర్తు దాకా నీళ్లు పోసి 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లు నల్లబడితే మలం ద్వారా వచ్చే రకం బాక్టీరియా ఉందని అనుమానించాలి. మన వేసవిలో అల్మారాలో పెట్టినా ఆ వేడి సరిపోతుంది. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు, దారిలో ఉన్నవాళ్లకు హెచ్చరిక.

రెండోది డీపీడీ క్లోరిన్ కిట్. 10 మిల్లీలీటర్ల నీళ్లలో మాత్ర వేస్తే గులాబీ రంగు వస్తుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చితే నీళ్లలో మిగిలి ఉన్న క్లోరిన్ ఎంతో తెలుస్తుంది. పంచాయతీల్లో వాడే పసుపురంగు చుక్కల కిట్ కూడా దొరుకుతుంది. కానీ అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది. మనకు కావాల్సింది ఇంకా పనిచేయగల స్థితిలో ఉన్న క్లోరిన్, దాన్నే ఫ్రీ క్లోరిన్ అంటారు.

ప్లాంటు కుళాయి కింద నేరుగా పట్టిన సీసా రెండు రోజులైనా తెల్లగానే ఉంది. అదే నీళ్లు ట్యాంకులో మూడు రోజులుండి వచ్చాక పట్టిన సీసా నల్లబడింది. రెండింట్లోనూ క్లోరిన్ సున్నా.

ప్లాంటు అబ్బాయిని అడిగాను: "తమ్ముడూ, చివర్లో క్లోరిన్ ఏమైనా కలుపుతారా?"

"లేద్సార్, మనదంతా ప్యూర్ వాటర్. ఏమీ కలపం."

సరిగ్గా అదే చిక్కు. ఆర్ఓ పొర పాడవకుండా ప్లాంటులో ముందే కార్బన్ పెట్టి క్లోరిన్ తీసేస్తారు. బయటికొచ్చే నీళ్లు శుభ్రమే, కానీ వాటికి కాపలా ఉండదు. ఆ తర్వాత గొట్టంలోనో క్యాన్ మూతిలోనో చేతిమీదనో ఉన్న ఏ సూక్ష్మజీవి చేరినా దాన్ని ఆపేది లేదు. ఇంట్లో క్యాన్ తెచ్చి ఒకట్రెండు రోజుల్లో తాగేస్తాం కాబట్టి తెలియదు. ట్యాంకులో, వేడిలో, రోజుల తరబడి నిలవుంటే తెలుస్తుంది.

దీనికి ఎదురు పరీక్ష నాగార్జునసాగర్ దారిలో కుదిరింది. ఒక ఊళ్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకున్నాం. నల్లా దగ్గర ఫ్రీ క్లోరిన్ లీటరుకు 0.4 మిల్లీగ్రాములు వచ్చింది. టీడీఎస్ ఆర్ఓ నీళ్లకంటే నాలుగు రెట్లు ఎక్కువ. అదే ట్యాంకులో, అదే ఎండలో, మూడో రోజుకీ వాసన రాలేదు.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కూడా ఫ్రీ క్లోరిన్ కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటుంది, వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5. ఈ ప్రాజెక్టులో ఆ తర్వాత చేసిన ప్రతి పనికీ గురి ఒకటే: చివరి గ్లాసు దాకా 0.2 కంటే తగ్గకూడదు.

ఖర్చు: డీపీడీ కిట్ 1,800, హెచ్2ఎస్ సీసాలు 400, టీడీఎస్ మీటరు 300.
ఇప్పటి దాకా: 10,700 రూపాయలు

దశ 3: మురికి ఎక్కడి నుంచి

ఆర్ఓ నీళ్లతోనే మళ్లీ నింపి, ఈసారి నాలుగు చోట్ల సీసాలు పట్టాం.

1. నింపే గొట్టంలో నిలిచిన నీళ్లు: ఒక్క రోజులోనే నలుపు.
2. ట్యాంకు పైభాగం: రెండో రోజు బూడిద రంగు.
3. పంపు తర్వాత, ఫిల్టర్‌కు ముందు: రెండో రోజు నలుపు.
4. వంటగది కుళాయి, కార్బన్ ఫిల్టర్ తర్వాత: ఒక్క రోజులోనే నలుపు.

ఫిల్టర్ దాటాక నీళ్లు ఇంకా పాడైపోవడం ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. కానీ ఆలోచిస్తే అర్థమవుతుంది. కార్బన్ క్లోరిన్‌ను పీల్చేస్తుంది, సేంద్రియ పదార్థాన్ని పట్టి ఉంచుతుంది. వ్యాన్ రెండు వారాలు షెడ్డులో ఉంటే, ఆ డబ్బాలో వెచ్చగా, చీకటిగా, తిండితో సహా బాక్టీరియాకు వసతి సిద్ధంగా ఉంటుంది. ఫిల్టర్ విప్పి లోపలి గోడ మీద వేలు రాస్తే జారింది. ఆ జిగట పొర నీళ్లు పారితే పోదు, రుద్దాలి.

నింపే గొట్టం తోటకు వాడే మామూలు ఆకుపచ్చ పైపు. చుట్ట చుట్టి పెట్టినప్పుడు అందులో అర లీటరు దాకా నీళ్లు మిగులుతాయి. వచ్చేసారి ట్యాంకులోకి మొదట పోయేది అదే.

మార్చినవి:
1. పాల డైరీల్లో వాడే ఫుడ్ గ్రేడ్ పైపు, 10 మీటర్లు. వాడాక ఎత్తిపట్టి పూర్తిగా వంపి, రెండు కొనలూ ఒకదానిలో ఒకటి బిగించి పెడతాం. దుమ్ము, పురుగు దూరవు.
2. కార్బన్‌కు బైపాస్ వాల్వు, అంటే నీళ్లు ఫిల్టర్‌లోకి పోకుండా పక్కదారిన వెళ్లేలా. ప్రయాణం అయిపోగానే కార్బన్ తీసి పారేస్తాం, డబ్బా కడిగి ఆరబెడతాం. ఆరు నెలలు వస్తుందని రాసి ఉన్న ఫిల్టర్‌ను ఒక ప్రయాణానికే వాడడం ఖరీదైన పనే. అందుకే ఆ తర్వాత కార్బన్ వాడకమే బాగా తగ్గించాం. దానికి బదులు రాత్రి స్టీలు బిందెలో నీళ్లు పట్టి పలచటి గుడ్డ కడుతున్నాం. పొద్దుటికి క్లోరిన్ వాసన బాగా తగ్గుతుంది. ఆ బిందె నీళ్లు ఆ రోజే వాడేయాలి.
3. పంపు ముందున్న జల్లెడ విప్పి చూస్తే ప్లాస్టిక్ తురుము, ఇసుక, ఒక చీమ. ప్రతి ప్రయాణం తర్వాత దాన్ని కడగడం జాబితాలో చేరింది.

చీమ గాలిగొట్టం గుండా వచ్చింది. ట్యాంకులోకి గాలి పోవడానికి పెట్టిన గొట్టం కొన తెరిచి ఉంది. చీమ దూరిన చోట దోమా దూరుతుంది, గుడ్లూ పెడుతుంది. కొనను కిందికి వంచి సన్నటి స్టీలు జాలీ బిగించాం.

ఖర్చు: పైపు 1,400, బైపాస్ వాల్వు, ఫిట్టింగులు 900, జాలీ 200.
ఇప్పటి దాకా: 13,200 రూపాయలు

దశ 4: మొత్తం వ్యవస్థను ఒకసారి కడగడం

పట్టిన జిగట పోవాలంటే చిన్న మోతాదు చాలదు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో కొన్ని గంటలు నానబెట్టాలి. లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ ఇచ్చే బ్లీచింగ్ ద్రవం, వాడుకలో హైపో) అయితే, ట్యాంకు ఎన్ని లీటర్లో అన్ని మిల్లీలీటర్లు. మాకు 90.

వాసన కలిపినవి, బట్టల మరకలకు అమ్మే రంగుల సీసాలు వద్దు. లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ అనీ, శాతం ఎంతో అనీ రాసి ఉండాలి. బ్లీచింగ్ పౌడర్‌తోనూ చేయొచ్చు కానీ సున్నం మడ్డి అడుగున దిగుతుంది, పైన తేరిన నీళ్లే వాడాలి. ట్యాంకుకు హైపోయే నయం.

మొదటిసారి ఇలా జరిగింది. 90 మిల్లీలీటర్లు పోశాం, కుళాయి తిప్పాం, డీపీడీ మాత్ర వేశాం. క్షణం గులాబీ మెరిసి నీళ్లు తెల్లగా అయిపోయాయి. చూసినవాళ్లకు క్లోరిన్ సున్నా అనిపిస్తుంది. నిజానికి క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే విరిచేస్తుంది. అది చూసి ఇంకాస్త పోస్తే ఇబ్బందే. పలచన చేసి కొలవాలి: 10 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లకు 240 మిల్లీలీటర్ల ఆర్ఓ నీళ్లు కలిపి, వచ్చిన అంకెను 25తో గుణించాలి.

అలా కొలిస్తే 1.0 వచ్చింది. అంటే 25. రావాల్సింది 50. హైపో సీసా షాపు అల్మారాలో ఎండకు చాలాకాలం ఉన్నది. హైపో వేడికి, వెలుతురుకు బలం కోల్పోతుంది. తయారీ తేదీ చూసి కొత్త సీసా తెచ్చాక అదే మోతాదుకు 2.0 వచ్చింది.

ఇప్పుడు పాటిస్తున్న వరుస:
1. ట్యాంకు ఖాళీ చేసి, మూత తీసి, మెత్తటి బ్రష్‌తో గోడలూ మూలలూ రుద్దడం.
2. బోరు నీళ్ల ఉప్పు గార పట్టి ఉంటే ముందు సిట్రిక్ యాసిడ్ నీళ్లతో తీసి, రెండుసార్లు బాగా కడగడం. నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ హైపోతో కలవకూడదు. విషవాయువు వస్తుంది. వాటి మధ్య కడుగుడు తప్పనిసరి.
3. కార్బన్ తీసేసి బైపాస్ తెరవడం.
4. హైపోను బకెట్టు నీళ్లలో కలిపి పోయడం, తర్వాత ట్యాంకు పూర్తిగా నింపడం. పైకప్పు లోపలి వైపు కూడా తడవాలి.
5. ప్రతి కుళాయీ తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదలడం. గొట్టాల్లోకీ మందు చేరాలి.
6. నాలుగు గంటలు ఉంచడం. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది. స్టీలు ట్యాంకు ఉన్నవాళ్లు మాత్రం ఎక్కువసేపు ఉంచకండి, క్లోరిన్ స్టీలును తింటుంది.
7. డ్రెయిన్ వాల్వు నుంచి వదిలి, మంచినీళ్లతో నింపి ఖాళీ చేయడం, డీపీడీ అంకె 2 కంటే కిందికి వచ్చేదాకా.

ఆ నీళ్లను చెరువులోకో కాలువలోకో వదలకండి, చేపలు చస్తాయి. మేం బకెట్లలో ఎండలో పెట్టి మర్నాడు పారబోశాం.

చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు ఉండాల్సిందే. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

ఖర్చు: హైపో, సిట్రిక్ యాసిడ్, సిరంజి, గ్లోవ్స్ కలిపి 550.
ఇప్పటి దాకా: 13,750 రూపాయలు

దశ 5: రోజువారీ మోతాదు

90 లీటర్లకు లీటరుకు 1 మిల్లీగ్రాము కావాలంటే 5 శాతం హైపో 1.8 మిల్లీలీటర్లు. మందుల షాపులో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజితో కచ్చితంగా కొలవొచ్చు. మూతతో, చెంచాతో కొలవకండి, ఒక్క మిల్లీలీటరు తేడా ఇక్కడ పెద్ద తేడా.

ఆర్ఓ నీళ్లకు 1.8 మిల్లీలీటర్లు వేసి కొలిచిన అంకెలు (కడిగిన ట్యాంకు, ఫోమ్ చుట్టాక):

- అరగంటకు: 0.9
- మర్నాడు పొద్దున: 0.7
- రెండో రోజు సాయంత్రం: 0.4
- మూడో రోజు సాయంత్రం: 0.2

ఫోమ్ కాస్త విప్పి, ఎండలో నిలబెట్టి అదే మోతాదు వేస్తే రెండో రోజు సాయంత్రానికే 0.1కి పడిపోయింది. వేడి ఆ సీసాలో హైపోను తిన్నట్టే ట్యాంకులో క్లోరిన్‌నూ తింటుంది. ఐదు డిగ్రీల విలువ ఇదీ.

బోరు నీళ్లతో ఇంకో సంగతి తెలిసింది. 1.8 వేస్తే అరగంటకు 0.3 మాత్రమే చూపించింది. నీళ్లలోని ఇనుము, సేంద్రియ పదార్థం ముందు తమ వాటా తీసుకుంటాయి, మిగిలిందే మనకు. కాబట్టి మోతాదు పట్టికను గుడ్డిగా నమ్మకుండా, పోసిన అరగంటకు కొలిచి, తక్కువైతే ఇంకో సగం వేస్తున్నాం. మళ్లీ అరగంట ఆగి, ఆ తర్వాతే తాగడం.

రోజుకు ఒక్క పరీక్ష, సాయంత్రం. 0.3 కంటే తగ్గితే మిగిలిన లీటర్ల లెక్కన కొద్దిగా కలుపుతాం. 50 లీటర్లుంటే 1 మిల్లీలీటరు. ఇది మా అమ్మాయి పని. పట్టీ మీద రంగు చూడడంలో ఆమె కళ్లు మాకంటే నికరం.

క్లోరిన్ ఉన్న నీళ్లను హెచ్2ఎస్ సీసాలో పరీక్షించాలంటే ముందు సోడియం థయోసల్ఫేట్ పలుకు ఒకటి వేసి క్లోరిన్‌ను విరవాలి. లేకపోతే సీసాలో కూడా క్లోరిన్ పనిచేస్తూనే ఉండి, తప్పుడు ధైర్యం ఇస్తుంది.

కొత్త ఖర్చు లేదు.

దశ 6: దారిలో ఏ నీళ్లు

క్లోరిన్ చేయలేనివి చాలా ఉన్నాయి. ఫ్లోరైడ్ తీయలేదు, ఉప్పు తీయలేదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఎంత నష్టం చేసిందో మనందరికీ తెలుసు. ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ వైపు వెళ్లినప్పుడు బోరు నీళ్లు తాగే ట్యాంకులోకి అసలు రానివ్వం. అక్కడ ఆర్ఓ నీళ్లే పోసి, మన క్లోరిన్ మనం కలుపుకోవడమే.

చెరువు, కాలువ నీళ్లు కూడా వద్దు. క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు మామూలు క్లోరిన్ మోతాదుకు లొంగవు, మరిగిస్తే చస్తాయి.

ట్యాంకర్ నీళ్లు తప్పనప్పుడు మడ్డితో చిక్కు. ఒకసారి గండికోట దగ్గర పట్టిన నీళ్లలో బకెట్టు అడుగు కనిపించలేదు. అలాంటి నీళ్లలో క్లోరిన్ వేస్తే మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు దాక్కుంటాయి. పటికతోనో, మన పెద్దవాళ్లు వాడిన చిల్లగింజతోనో తేర్చొచ్చు. నీళ్లు తేటపడతాయి, కానీ క్రిములు పూర్తిగా పోవు. తేరిన తర్వాత క్లోరిన్ వేయాల్సిందే. వ్యాన్‌లో తేర్చడానికి చోటు లేక, నింపే గొట్టానికి 5 మైక్రాన్ల నూలు ఫిల్టర్ పెట్టాం. అది తెల్లగా ఉన్నంతసేపే ట్యాంకు నింపుతాం. నింపుతుండగానే ఎర్రబడితే ఆ నీళ్లు స్నానాల ట్యాంకుకు.

మా వరుస:
1. ఊరి నల్లా నీళ్లు, డీపీడీ 0.2 కంటే ఎక్కువ చూపిస్తే.
2. ఆర్ఓ నీళ్లు, క్లోరిన్ మనమే కలిపి.
3. ఫ్లోరైడ్ భయం లేని చోట బోరు నీళ్లు, టీడీఎస్ 500 లోపు.
4. ట్యాంకర్, నూలు ఫిల్టర్ దాటి, రెట్టింపు మోతాదుతో, తాగేవి మరిగించి.

ఒక ఊళ్లో వాటర్‌మ్యాన్ అన్నను అడిగితే, ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పొద్దున ఆరింటికి కలిపి ఏడింటికి వదులుతామని చెప్పాడు. అప్పటి నుంచి నల్లా నీళ్లు పొద్దున్నే, వదిలిన కాసేపటికి పడుతున్నాం. సాయంత్రం పట్టిన నీళ్లకంటే అంకె ఎప్పుడూ ఎక్కువే వస్తోంది.

ఖర్చు: ఫిల్టర్ డబ్బా, రెండు నూలు ఫిల్టర్లు 850.
ఇప్పటి దాకా: 14,600 రూపాయలు

దశ 7: వ్యాన్ షెడ్డులో ఉన్నప్పుడు

నీళ్లు నిలవ ఉంచి క్లోరిన్ వేస్తూ పోవడం కంటే ఖాళీగా, పొడిగా ఉంచడం నయం. డ్రెయిన్ తెరిచి, పంపు గాలి పీల్చేదాకా నడిపి, కుళాయిలన్నీ తెరిచి, పెద్ద మూత మీద గుడ్డ కట్టి రెండు రోజులు ఆరబెడతాం. తర్వాత మూసేస్తాం. మళ్లీ బయల్దేరే ముందు రోజు నాలుగో దశ మొత్తం చేస్తాం.

ఆరనిది ఒక్క చోటే మిగిలింది: పంపుకూ వంటగది కుళాయికీ మధ్య వాహనం అడుగున వంగిన పైపు. అందులో గ్లాసెడు నీళ్లు నిలుస్తున్నాయి, పైగా సైలెన్సర్ దగ్గరగా ఉండి వేడెక్కుతోంది. పొద్దున్నే మొదటి గ్లాసులో 0.1, రెండు లీటర్లు వదిలాక 0.4. ప్రస్తుతానికి ఆ మొదటి రెండు లీటర్లు గిన్నెలకు వాడుతున్నాం. వచ్చే సర్వీసింగుకు ఆ పైపును లోపలి నుంచి, నేల పైగా తిప్పాలి. మూడు మీటర్ల పైపు, నాలుగు క్లాంపులు కొని ఉంచాను. అంకెలు మారితే ఎనిమిదో దశగా రాస్తాను.